దాణా తినేది కోడి ఒక్కటే కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభ మధ్యాహ్న సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. మదర్ యూనిట్లు నడిపే సభ్యులు, పెరటి కోళ్లు పెంచే సభ్యులు కోరినందున ప్రశ్నలు, జవాబులతో సహా ఇక్కడ ఇస్తున్నాము.)



భోజనాలయ్యాక ప్రసంగమంటే కళ్లు మూతలు పడతాయని నాకు తెలుసు. అందుకని డబ్బు లెక్కతో మొదలుపెడతాను. డబ్బు లెక్కంటే మన సంఘాల్లో ఎవరికీ నిద్ర రాదు.

కోళ్ల పెంపకంలో వంద రూపాయలు ఖర్చు పెడితే అందులో 65 నుంచి 70 రూపాయల దాకా దాణాకే పోతుంది. మిగిలిందే పిల్లల ధర, మందులు, కరెంటు, షెడ్డు అన్నీ. కాబట్టి మీరు తీసుకున్న అప్పు తీరాలా, పేరుకుపోవాలా అన్నది చాలావరకు దాణా దగ్గరే తేలిపోతుంది. తిన్న దాణా ఎంత, పెరిగిన బరువు ఎంత, ఇదే అసలు లెక్క. కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా పట్టింది అన్నదాన్నే కోళ్ల కంపెనీల వాళ్లు ఎఫ్.సి.ఆర్. అంటారు. ఆ అంకె ఎంత తగ్గితే మనకు అంత లాభం.

ఒక ఉదాహరణ చెప్తాను. లెక్క కోసం అనుకుందాం. ఇద్దరు అక్కలు ఒకే హేచరీ నుంచి, ఒకే రోజు, మూడేసి వందల పిల్లలు తెచ్చారు. ఇద్దరూ ఒకే దాణా వాడారు. అమ్మే రోజుకు ఇద్దరి దగ్గరా 450 కిలోల దాణా ఖర్చయింది. మొదటి అక్క పిల్లలు అన్నీ కలిపి 180 కిలోల బరువు పెరిగాయి. అంటే కిలో పెరగడానికి రెండున్నర కిలోల దాణా పట్టింది. రెండో అక్క పిల్లలు 150 కిలోలే పెరిగాయి. అంటే కిలోకి మూడు కిలోలు. ఈ రెండో అక్క కూడా 180 కిలోలు తేవాలంటే ఆ లెక్కన 540 కిలోల దాణా కావాలి. 90 కిలోలు ఎక్కువ. దాణా కిలో 40 రూపాయలనుకుంటే 3,600 రూపాయలు. ఒక్క బ్యాచ్‌కే ఇంత. ఏడాదికి ఐదారు బ్యాచ్‌లు తీస్తే ఎంతవుతుందో మీరే వేసుకోండి.

మరి ఆ దాణా ఎటుపోయింది? కొంత కిందపడి లిట్టర్‌లో కలిసి ఉండొచ్చు. కొంత ఎలుకలు తిని ఉండొచ్చు. చలికి పిల్లలు ఒంటి వేడి కాపాడుకోవడానికే కొంత ఖర్చయిపోయి ఉండొచ్చు. ఇవి మనకు కనపడేవి. కనపడని లెక్క ఇంకొకటుంది. అది కోడి పేగులో ఉంది. మీరు గిన్నెలో పోసే దాణా తినేది కోడి ఒక్కటే కాదు. దాని పేగులో కాపురముంటున్న సూక్ష్మజీవులు కూడా అందులో వాటా తీసుకుంటాయి. వాటా తీసుకుని మేలు చేసేవి ఉన్నాయి. వాటా తీసుకోవడమే కాక ఇల్లు పాడుచేసేవీ ఉన్నాయి. వీటిలో ఏవి మీ కోడిపిల్లల్లో స్థిరపడతాయన్నది చాలావరకు మీ చేతుల్లో ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

కోడి కడుపులో ఏముంది?

కోడిని కోసి బాగుచేసిన వాళ్లే అందరూ ఇక్కడ. లోపల ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. మెడ కింద మేత నిలిచే సంచి ఉంటుంది. అక్కడ మేత నాని కొంచెం పులుస్తుంది. పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు అక్కడే ఎక్కువ. తర్వాత పుల్లటి రసం ఊరే చిన్న పొట్ట, దాని వెంట కందనకాయ. కోడికి పళ్లు లేవు కాబట్టి కందనకాయే దానికి తిరగలి. ఆ తర్వాత పొడుగాటి చిన్నపేగు. మేతలోని సత్తువ ఒంటికి పట్టేది ముఖ్యంగా ఇక్కడే. చివర్లో ఒక జత గొట్టాలు చూసే ఉంటారు, ఒకవైపు మూసుకుపోయి, లోపల ముదురు రంగు జిగట పదార్థంతో ఉంటాయి. వాటిని గుడ్డిపేగులంటాం. సూక్ష్మజీవులకు అదే పెద్ద ఊరు. ఎదిగిన కోడి గుడ్డిపేగులోని ఒక్క గ్రాము పదార్థంలో వెయ్యి కోట్లకు పైగా ఉంటాయి.

చాలామంది కంగారుపడే సంగతి ఒకటి ఇక్కడే చెప్తాను. కోడి మామూలు రెట్ట మధ్యలో అప్పుడప్పుడు గోధుమ రంగులో, జిగటగా, ఎక్కువ వాసనతో ఒక రెట్ట వేస్తుంది. అది గుడ్డిపేగుల్లోంచి వచ్చిన రెట్ట. రోగం కాదు. దానికి మందు వేయొద్దు. రెట్టలో నెత్తురు కనపడితే మాత్రం వేరే సంగతి, ఆ రోజే చూపించాలి.

ఇప్పుడు ఈ సూక్ష్మజీవులు చేసే పని. కోడి అరిగించుకోలేని పీచు కొంత గుడ్డిపేగుల్లోకి చేరుతుంది. మంచివి దాన్ని పులియబెట్టి కొన్ని రకాల ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాల్లో ఒకటైన బ్యూటిరేట్ పేగు గోడకే ఆహారం. పేగు లోపలి గోడ టర్కీ తువ్వాలులా సన్నని పోగులతో ఉంటుంది. ఆ పోగులు ఎంత పొడుగ్గా, నిండుగా ఉంటే మేతలోని సత్తువను అంత బాగా పీల్చుకుంటాయి. పైగా ఆ ఆమ్లాలున్న చోట చెడ్డ క్రిములు తేలిగ్గా పెరగలేవు. మంచివి ముందే చోటు ఆక్రమించుకుంటే, కొత్తగా వచ్చే చెడ్డవాటికి నిలవడానికి తావుండదు. బస్సులో సీట్లన్నీ నిండిపోయినట్టు.

చెడ్డవి పెరిగితే దీనికి తిరకాసు. కొన్ని క్రిములు కాలేయం నుంచి వచ్చే పైత్యరసాన్ని పాడుచేస్తాయి. దాంతో మేతలోని కొవ్వు సరిగా అరగదు. అరగకుండా మిగిలిన మాంసకృత్తులు పేగు చివర్లో కుళ్లి విషపదార్థాలవుతాయి. పేగు గోడ వాస్తుంది, దళసరి అవుతుంది, పోగులు పొట్టివవుతాయి. పాడైన గోడను బాగుచేసుకోవడానికి, క్రిములతో పోరాడడానికి కోడి తిన్న దాణాలోంచే ఖర్చు పెడుతుంది. కండకు వెళ్లాల్సింది అక్కడ ఖర్చయిపోతుంది. పిల్ల చావదు, మూలన కూర్చోదు. తింటూనే ఉంటుంది. బరువు మాత్రం రాదు. మన లెక్కలో తేడా వచ్చిన కిలోల్లో కొన్ని ఇలా పోతాయి.

మరి క్రిములే లేకుండా చేసేస్తే? శాస్త్రవేత్తలు ఆ ప్రయోగం కూడా చేశారు. ఏ క్రిమీ చొరబడని పెట్టెల్లో కోడిపిల్లలను పెంచారు. అక్కడ వాటి పేగు గోడ పలచగా ఉంది, పిల్లలు బాగానే పెరిగాయి. కానీ ఆ పెట్టెలో గాలి, నీళ్లు, మేత అన్నీ శుద్ధి చేసినవే. మన పెరట్లో, మన షెడ్డులో అది కుదిరే పని కాదు. క్రిములు ఎలాగూ వస్తాయి. కాబట్టి మంచివి ముందు వచ్చేలా చూసుకోవడమే మన పని.

తోడు ఎవరిది?

మీరు రోజూ రాత్రి పాలు తోడుపెడతారు. కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు మంచి పెరుగు ఒక చుక్క వేస్తే తెల్లారేసరికి గట్టి పెరుగు. తోడు వేయకుండా మూత తీసి వదిలేస్తే? అప్పుడూ ఏదో ఒకటి అవుతుంది. విరగొచ్చు, వాసన రావచ్చు. ముందు ఏది పడిందో దానిదే రాజ్యం.

గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పేగు దాదాపు ఆ కాచిన పాలలాంటిదే. అందులో సూక్ష్మజీవులు బహు తక్కువ. మొదటి కొద్ది రోజుల్లో దాని ముక్కుకు ఏది తగిలితే అదే లోపలికి పోయి స్థిరపడుతుంది. తల్లికోడి 21 రోజులు పొదిగి పిల్లలను లేపినప్పుడు, ఆ పిల్లలు తల్లి రెక్కల కింద పడుకుంటాయి, తల్లి గీరిన చోట గీరుతాయి, తల్లి రెట్ట పడ్డ చోట ఏరుకు తింటాయి. మనకు అసహ్యంగా ఉంటుంది కానీ, తోడు పడేది అక్కడే. 2019లో చెక్ రిపబ్లిక్ పరిశోధకులు చూపించింది ఏంటంటే, కొత్త పిల్లలను ఒక్క రోజు పెద్ద కోడితో ఉంచినా చాలు, వాటి గుడ్డిపేగుల్లోని సూక్ష్మజీవులు పెద్దకోడి వాటిలా మారతాయి.

మన మదర్ యూనిట్లకు వచ్చే వనరాజ, గ్రామప్రియ, రాజశ్రీ పిల్లలు అట్లా పుట్టలేదు. వనరాజ, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి జాతులు. జాతిలో లోపం లేదు. కానీ అవి మిషన్లో పుట్టాయి. అట్టపెట్టెలో, బండిలో ప్రయాణం చేసి మీ దగ్గరికొచ్చాయి. తల్లిని చూడలేదు. వాటికి మొదటి తోడు మీ షెడ్డులోని ఊక, మీరు పెట్టే నీళ్లు, మీ చేతులు, మీ చెప్పులు. తల్లికోడి స్థానంలో ఉన్నది మీరే.

దీనికి యాభై ఏళ్ల నాటి సాక్ష్యం ఒకటుంది. 1971లో ఫిన్లాండ్ దేశంలో మాంసం కోళ్లలో సాల్మొనెల్లా అనే క్రిమి బాగా వ్యాపించింది. అది మనుషులకు కూడా వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిమి. అప్పుడు నుర్మి, రాంటలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగులోని పదార్థం కొంచెం తీసి, ఒక్కరోజు పిల్లలకు పట్టించారు. ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చినా వాటిలో అది నిలదొక్కుకోవడం బాగా తగ్గిపోయింది. 1973లో ఈ సంగతి ప్రకటించారు. ముందు మంచివి కూర్చుంటే చెడ్డవాటికి చోటు ఉండదని అలా తేలింది. ఇది విని ఇంటికెళ్లి పాత కోళ్ల లిట్టర్ తెచ్చి పిల్లల్లో చల్లకండి. వాళ్లు రోగాలు లేవని పరీక్ష చేసిన కోడి నుంచి తీసుకున్నారు. మన పాత లిట్టర్‌లో మంచివాటితో పాటు నెత్తురు విరేచనాల రోగం కూడా వస్తుంది.

మందు పొట్లం కథ

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న విషయానికొస్తాను. పిల్లలు దిగిన రోజు నుంచే నీళ్లలో యాంటీబయోటిక్ పొడి కలపడం చాలా యూనిట్లలో ఉంది. "వేస్తే పిల్ల బాగా ఎదుగుతుంది" అంటారు. ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను.

1940ల చివర్లో అమెరికాలో లెడర్లే అనే కంపెనీ ప్రయోగశాలలో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ తయారయింది. ఆ ప్రయోగశాల పరిశోధనలకు అప్పట్లో పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1948లో కన్నుమూశారు. అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు బి12 విటమిన్ దేంట్లోంచి ఇవ్వాలా అని చూస్తున్నారు. ఆరియోమైసిన్ తయారయ్యే పులిసిన ముద్దను మేతలో కలిపితే పిల్లలు విటమిన్ వల్ల పెరగాల్సినదానికంటే ఎక్కువ పెరిగాయి. కారణం అందులో మిగిలిన యాంటీబయోటిక్. అక్కణ్ణించి ప్రపంచమంతా కోళ్ల దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయోటిక్ కలపడం మొదలైంది.

దీని వెనకాల ఉన్న కిటుకు తర్వాత బయటపడింది. క్రిములు లేని పెట్టెల్లో పెంచిన పిల్లలకు అదే మందు పెడితే ఎదుగుదల పెరగలేదు. కొత్తగా కట్టిన శుభ్రమైన గదుల్లో కూడా పెద్ద తేడా లేదు. కోళ్లు పెంచీ పెంచీ మురికి పట్టిన పాత షెడ్లలోనే మందు బాగా పనిచేసింది. అంటే ఆ మందు కోడికి బలం ఇవ్వడం లేదు. షెడ్డులోని మురికి వల్ల పోతున్న దాణాను కొంత ఆపుతోంది, అంతే. ఊడ్చే పని చీపురుతో కాకుండా పొట్లంతో చేస్తున్నామన్నమాట.

ఆ పొట్లం ఖర్చు మనకు మూడు విధాలుగా పడుతుంది. ఒకటి, దాని ధర. రెండు, అది చెడ్డవాటితో పాటు మంచివాటినీ చంపుతుంది. మొదటి వారంలోనే వేస్తే, తోడు పడే సమయంలో పాలగిన్నెలో మందు పోసినట్టు. కోర్సు ఆపగానే ఖాళీ అయిన చోట్లోకి ఏది ముందొస్తే అది కూర్చుంటుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. కొద్దికొద్ది మోతాదులో రోజూ ఇస్తే చావకుండా మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఆ క్రిములు రెట్టలో ఉంటాయి, రెట్ట ఎత్తే మన చేతుల్లో ఉంటాయి, పెరట్లో ఆడుకునే పిల్లల దగ్గరికి వస్తాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేసి డాక్టరు గారు ఆ జాతి మందే రాస్తే అది పనిచేయకపోవచ్చు.

ఇందుకే స్వీడన్ 1986లోనే ఎదుగుదల కోసం యాంటీబయోటిక్ వాడడం నిషేధించింది. యూరప్ దేశాల కూటమి 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపింది. మన దేశంలో 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు, చేపలకు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మనుషులకు మిగతా మందులేవీ పనిచేయనప్పుడు ఆఖరున వాడే మందు అది.

మందు ఆపితే నష్టమొస్తుందా అని అక్కడి రైతులూ భయపడ్డారు. డెన్మార్క్‌లో మాంసం కోళ్ల రైతులు 1998లో ఆపారు. తర్వాత లెక్కలు చూస్తే చావులు పెరగలేదు. కిలో బరువుకు పట్టే దాణా 16 గ్రాములు మాత్రం పెరిగింది. మందు కొనే ఖర్చు తగ్గింది కాబట్టి అది పెద్ద భారం కాలేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి, వాళ్ల షెడ్లు శుభ్రంగా ఉన్నాయి. మనం ముందు శుభ్రం చేసుకుని తర్వాత పొట్లం మానాలి.

మనం చేయాల్సిన ఐదు పనులు

మొదటిది, వెచ్చదనం, తొలి మేత. పిల్లలు దిగకముందే బ్రూడర్ వెలిగించి ఉంచాలి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. తర్వాత వారం వారం మూడు డిగ్రీల దాకా తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెప్తాయి. బల్బు కింద గుంపుగా కుక్కుకుంటే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. సమంగా పరుచుకుని ఉంటే సరి. చలిపడ్డ పిల్ల తినదు. తినని పిల్ల పేగు పెరగదు. పేగు గోడ వేగంగా పెరిగేది మొదటి వారంలోనే. రాత్రి పడుకునే ముందు పదిమంది పిల్లలను చేతిలోకి తీసుకుని మెడ కింద సంచి తడమండి. మెత్తగా, నిండుగా ఉండాలి. ఖాళీగా ఉంటే వేడి, నీళ్లు, మేత, ఈ మూడింట్లో ఏదో అందలేదు. గట్టిగా ఉంటే నీళ్లు తాగలేదు.

రెండోది, నీళ్లు. పిల్ల తిన్న దాణాకు రెండింతల బరువు నీళ్లు తాగుతుంది. అంటే నీళ్ల గిన్నె మురికిగా ఉంటే దాణా కంటే ఎక్కువ మురికి అదే లోపలికి పంపుతుంది. గిన్నె లోపల వేలితో రాసి చూడండి. జిగురు తగిలితే అందులో క్రిములు ఇల్లు కట్టుకున్నట్టే. రోజూ పీచుతో రుద్ది, కడిగి, ఎండబెట్టి పెట్టాలి. రెండు జతల గిన్నెలుంటే ఒకటి ఎండలో, ఒకటి షెడ్డులో. పిల్లల వీపు ఎత్తుకు సరిగ్గా గిన్నె పెడితే నీళ్లు ఒలకవు, రెట్ట పడదు.

మూడోది, ఊక. రెండు మూడు అంగుళాలు పరచండి. పిల్లలకు అది పరుపే కాదు, కంచం కూడా. అందులో గీరి ఏరుకు తింటూనే ఉంటాయి. పిడికెడు తీసి గట్టిగా పిసికి వదలండి. విడిపోతే బాగున్నట్టు. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ. తడి ఊకలోనే నెత్తురు విరేచనాల రోగక్రిమి ముదురుతుంది. అది పేగు గోడను చీల్చితే, ఆ పుండ్లలో ఇంకో చెడ్డ క్రిమి చేరి పేగును కుళ్లబెడుతుంది. రోజూ కలియబెట్టాలి, తడిసిన చోట తీసేసి పొడి ఊక వేయాలి. షెడ్డులోకి అడుగు పెట్టగానే కళ్లు మండితే ఆ రోజే పని చేయాలి, రేపటికి పెట్టుకోవద్దు. ప్రతి బ్యాచ్‌కూ కొత్త ఊక. మధ్యలో సున్నం కొట్టి కనీసం రెండు వారాలు షెడ్డు ఖాళీగా వదలండి.

నాలుగోది, దాణా. బూజు పట్టిన మొక్కజొన్న చౌకగా వచ్చిందని కొనొద్దు. బూజు విషం కాలేయాన్నీ, పేగునూ దెబ్బతీస్తుంది. ఎండబెడితే, కడిగితే ఆ విషం పోదు. బస్తాలు నేలమీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. ఒక దాణా నుంచి ఇంకో దాణాకు మారేటప్పుడు నాలుగైదు రోజులు రెండూ కలిపి పెట్టండి. లోపలి సూక్ష్మజీవులు కూడా కొత్త మేతకు అలవాటు పడాలి. పిల్లలు ఎదుగుతున్నకొద్దీ మెత్తటి పిండి కంటే కొంచెం బరకగా ఉన్న మేత మంచిది. బరకగా ఉంటే కందనకాయకు పని తగులుతుంది. బలమైన కందనకాయలో మేత ఎక్కువసేపు పుల్లటి రసంలో నానుతుంది, చాలా చెడ్డ క్రిములు అక్కడే చస్తాయి. పెరట్లో తిరిగే కోళ్లకు జొన్నలు, నూకలు, ఆకుకూర తుంపులు ఇందుకే మేలు చేస్తాయి.

ఐదోది, రాత. ఒక నోటుబుక్కు, ఒక చిన్న తూకం చాలు. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళకు, అందినవి అందినట్టు 20 పిల్లలను తూచండి. పెద్దవే ఏరి పట్టుకోవద్దు. ఎన్ని కిలోల దాణా ఖర్చయింది, సగటు బరువెంత, ఎన్ని చనిపోయాయి, ఏ మందు ఎందుకు వేశారు, ఇవి రాయండి. సంఘం పుస్తకాలు తప్పులేకుండా రాసే మనకు ఇది పెద్ద పని కాదు. రాయకపోతే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తేలదు, మందుల షాపు చెప్పిందే వేదమవుతుంది.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

"మేడం, మీరు పొట్లం మానమంటున్నారు. మానితే పిల్లలు చస్తే నా అప్పు ఎవరు కడతారు?"

న్యాయమైన ప్రశ్న అక్కా. నా మాట విని మీరు నష్టపోకూడదు. ఈ ఐదు పనులూ ముందు చేయండి. పనులు సరిగ్గా జరిగిన బ్యాచ్‌లో పొట్లం లేకుండా పిల్లలను దించండి. పాత బ్యాచ్ లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూసుకోండి. రోజూ చావులు రాయండి. ఒక్కసారిగా పెరిగితే ఆగకుండా మీ పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. చనిపోయిన పిల్లను పారేయకుండా కవర్లో పెట్టి తెస్తే కోసి చూసి రోగమేంటో చెప్తాం. నిజంగా క్రిమి రోగమైతే యాంటీబయోటిక్ మేమే రాస్తాం. అప్పుడు పూర్తి మోతాదు, చెప్పిన రోజులన్నీ వాడాలి. మందు ఆపాక అమ్మడానికి ఎన్ని రోజులు ఆగాలో కూడా అడగండి. రోగానికి మందు కావాలి. రోగం లేనప్పుడు వద్దంటున్నాను. ఇంకొకటి, కొక్కెర తెగులుకు యాంటీబయోటిక్ పనిచేయదు. దానికి టీకా ఒక్కటే దారి. టీకాలు మాత్రం తప్పించొద్దు.

"మజ్జిగ పోస్తే మంచిదంటారు, నిజమేనా?"

మజ్జిగలో మంచి సూక్ష్మజీవులు ఉంటాయి, కొంచెం పలచగా ఇస్తే తప్పులేదు. అయితే కోడికి పాలలోని చక్కెర సరిగా అరగదు. ఎక్కువైతే పలచగా పారుకుంటాయి, ఊక తడుస్తుంది, మనం చేసిన మేలంతా పోతుంది. ఎండలో గంటల తరబడి గిన్నెలో ఉంచితే అందులో వేరే క్రిములు చేరతాయి. ఇచ్చేది కొంచెం ఇచ్చి, రెండు గంటల్లో గిన్నె తీసి కడిగేయండి. మజ్జిగ పోస్తున్నామని గిన్నెలు కడగడం మానొద్దు.

"షాపులో ప్రోబయోటిక్ పొట్లాలు అమ్ముతున్నారు. కొనాలా?"

అందులో ఉండేవి బతికున్న మంచి సూక్ష్మజీవులు. కొన్నిసార్లు బాగా పనిచేస్తాయి, కొన్నిసార్లు తేడా కనపడదు. అందులో ఏ జాతి ఉంది, అది బతికి ఉందా, షెడ్డు ఎలా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొనాలనుకుంటే గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టిన పొట్లం తీసుకోవద్దు. యాంటీబయోటిక్‌తో కలిపి ఇస్తే డబ్బు దండగ, ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకినట్టు. ముందు తూకం కొనండి. తర్వాత సగం పిల్లలకు పొట్లం వేసి, సగానికి వేయకుండా, రెండు గదులుగా పెంచి తూచండి. మీ షెడ్డులో పనిచేస్తుందో లేదో మీకే తెలుస్తుంది.

"మా కాలంలో గంపకింద పెట్టి పెంచేవాళ్లం. ఏ మందూ లేదు. ఇప్పుడెందుకమ్మా ఇంత చదువు?"

పెద్దమ్మా, మీ గంపకింద తల్లికోడి ఉంది. తోడు అదే వేసింది. పైగా పదీ పన్నెండు పిల్లలు, రోజంతా ఎండలో, పొడినేల మీద. ఇప్పుడు ఒక గదిలో మూడు వందలు. తల్లి చేసే పనులు మనం నేర్చుకుని చేయాల్సి వస్తోంది. అప్పుడూ కొక్కెర తెగులు వస్తే గంపలన్నీ ఖాళీ అయ్యేవి, అది కూడా మీకు గుర్తుండే ఉంటుంది. మీ కాలం నాటి తల్లికోడి తెలివి, ఈ కాలం టీకా, రెండూ కలిపితేనే మనకు గిట్టుబాటు.

చివరగా సమాఖ్యకు రెండు మనవులు. మదర్ యూనిట్లన్నిటికీ ఒకే నమూనా రికార్డు పుస్తకం అచ్చువేసి ఇవ్వండి. దాణా కిలోలు, పెరిగిన బరువు, చావులు, వాడిన మందు, ఈ నాలుగు గళ్లు చాలు. రెండోది, గ్రామ సంఘం నెలవారీ సమావేశంలో పొదుపు, అప్పుల వసూలు చదివినట్టే ఈ పుస్తకం కూడా చదివించండి. ఒకరికి రెండున్నర, ఇంకొకరికి మూడు వచ్చిందంటే ఎందుకని అక్కడే మాట్లాడుకోవచ్చు. ఒకరి షెడ్డు ఒకరు చూసిరావచ్చు, చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని. వచ్చే ఏడాది మహాసభకు ఆ పుస్తకాలు తీసుకురండి, మీ లెక్కలు చూసే మాట్లాడుకుందాం.